ఓడ లెక్కన సంసారము

విశాఖపట్టణపు రేవునుండి అండమానునకు ఓడ కదలు దినమున, ఇంకను తెలవారకమునుపే గేటు వెలుపల గుట్టలుగ పేరుకొను సామానును నిలిచి పరికించినచో, ద్వీపమున సంసారము చేయుట యనగా నేమో సగము అచ్చటనే బోధపడును. తాళ్ళతో బిగించిన అట్టపెట్టెలు, వాసెన కట్టిన ఆవకాయ జాడీలు, ఎండుమిరపకాయల బస్తాలు, చింతపండు, బెల్లపు దిమ్మలు, పాతచీరలో చుట్టిన రుబ్బురోలు. వీని నడుమ మూత బిగించిన నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ముపై కూర్చుండి, ఓడ కూత కొరకు చెవి యొగ్గియున్న ఒక ముసలామెను, ఆ డ్రమ్ములో నేమున్నదని అడిగితిని. "ఇప్పుడికి బియ్యం బాబూ. ఆడికెల్లినాక నీల్లు" అని ఆమె బదులు చెప్పెను. ఆ మాట నాకు పూర్తిగ అర్థమగుటకు రెండున్నర దినములు సముద్రముపైనను, మూడు వారములు ఆ దీవులలోను గడుపవలసి వచ్చినది.

మనలో పెక్కుమందికి అండమానన్నది నాలుగు దినముల విహారస్థలము. తెల్లని ఇసుకయు, నీలిమణివంటి నీరును కన్నులార చూచి, పెట్టె సర్దుకొని తిరిగివచ్చు చోటు. కాని 2011 జనాభా లెక్కలనాడు ఆ ద్వీపములలోనుండిన 3,80,581 మందిలో నూటికి పదుమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారు. అనగా ఒక చిన్న పట్టణమంత తెలుగునాడు బంగాళాఖాతమునకు ఆవలి యొడ్డున వంటచేసికొనుచు, పిల్లలను బడికి పంపుకొనుచు, పెండ్లిండ్లు చేసికొనుచు కాలము గడుపుచున్నది. విశాఖ, శ్రీకాకుళము తీరములనుండి వలలతో తరలిపోయిన జాలరులు, వాడబలిజలు, ఇండ్లు కట్టబోయి అచ్చటనే ఇల్లు కట్టుకొన్న తాపీమేస్త్రులు, బదిలీపై పోయి తిరిగిరాని గుమాస్తాలు, 1969 మొదలుకొని గ్రేట్ నికోబారులో భూములిచ్చి నిలిపిన మాజీ సైనికుల కుటుంబములలోని తెలుగువారు, ఇట్లు అనేక విధములవారు అక్కడ కలరు. పోర్టుబ్లెయిరు నగరమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మారినను, మనవారి నోట అది నేటికిని 'బ్లెయిరే'.

ఒకనాడు ఆ దారి పోవుట యనగా తిరిగిరాకుండుట. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాము మల్లుదొరను తెల్లదొరలు అండమానునకే పంపిరి. ఆయన తిరిగివచ్చుటయేగాక, 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్టణమునుండియే ఎన్నికైన సంగతిని ఈ ఊరివారు మరువరాదు. కాలాపాని కథలు వేఱుగ చెప్పుకొనదగినవి. నేనిచ్చట చెప్పదలచినది శిక్షపడి పోయినవారిని గూర్చి కాదు, కూలికిని కూటికిని స్వేచ్ఛగ పోయినవారి దినచర్యను గూర్చి.

ఓడ లోపలి రేవునుండి కాలువ వెంట వెలికి వచ్చునప్పుడు ఒకప్రక్క డాల్ఫిన్ నోస్ కొండయు, మఱియొకప్రక్క గుడి, మసీదు, చర్చి తలకొకటిగ నిలిచిన మూడు గుట్టలును కానవచ్చును. బంకు తరగతివారు సామాను మరచి డెక్కుమీదికి వచ్చి ఆ మూటికిని మూడు నమస్కారములు పెట్టుట చూచితిని. ఆ చర్చి యున్న గుట్ట పేరు రాస్ కొండ. రమారమి 1,200 కిలోమీటర్లు సాగి ఓడ పోర్టుబ్లెయిరు చేరినప్పుడు ఎదురుగ స్వాగతమిచ్చునది రాస్ దీవి. 1864లో కొండపై ఇల్లు కట్టుకొన్న రాస్ దొర యొకడు, సముద్రమును కొలిచిన డేనియల్ రాస్ మఱియొకడు. ఆ దీవికి 2018లో నేతాజీ పేరు పెట్టిరి గాని, ఇరుదరులను ఒకే పేరు కాచియుండుట నా మనస్సున నిలిచిపోయినది. నడుమనున్న రెండున్నర దినములను గూర్చి చెప్పుటకు విశేషమేమియు లేదు: వరుసలుగ పేర్చిన పడకలు, నూనెవాసన, నిమ్మకాయ ముక్కలు, కళ్ళు మూసికొన్న పిల్లలు.

నేను దిగినది బ్లెయిరులోని జంగ్లీఘాట్ పైనున్న ఏటవాలు వీధిలో, సోంపేట ప్రాంతమునుండి ఇరువది యేండ్ల క్రిందట వెళ్ళిన ఒక మేస్త్రి ఇంట. క్రింద చేపల రేవు, అచట తెల్లవారుజామున వినవచ్చు మాటలలో సగము మన విశాఖ జాలారిపేట మాటలే. ఇంటి గడపలో అడుగు పెట్టినంతనే కంటబడినది దేవుని పటము కాదు, చూరు క్రింద వరుసగ నిలిపిన ఏడు డ్రమ్ములు.

ఈ ద్వీపముల నీటి కథ వినువారికి నమ్మశక్యము గాదు. ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము, అనగా మన విశాఖకు మూడింతలకు చేరువ. నైరుతియు కురియును, ఈశాన్యమును కురియును. మే నెలలో మొదలైన వాన డిసెంబరు దనుక విడువదు. అయినను చైత్రము వచ్చుసరికి కుళాయి యెదుట బిందెలు బారులు తీరును. కారణము నేలయొక్క వాలు. ఆ దీవులు సముద్రమున మునిగిన కొండల శిఖరములు గనుక, కురిసిన నీరు నిలిచి ఇంకుటకు తావు లేక, పొట్టి వాగులలో పరుగెత్తి గంటలలో ఉప్పునీట కలిసిపోవును. అండమాను దీవులలో పేరు చెప్పదగిన నది ఉత్తరాండమానులోని కల్పాంగ్ ఒక్కటే. నగరమునకు ధనికారి జలాశయమే ప్రధానాధారము; అది ఎండలలో అడుగంటినచో కుళాయి దినము విడిచి దినము కాదు, మూడు నాలుగు దినముల కొకమారు వచ్చును.

కావుననే ఆ ఇల్లాలి నేర్పు చూడవలసినది. రేకుల చూరు అంచున ప్లాస్టిక్ గొట్టమును నిలువున కోసి దోనెగ అమర్చినారు. తొలి వానను ఎన్నడును పట్టరు. రేకుపై ఆకులును, పిట్టల రెట్టయు, తుప్పు పొడియు కొట్టుకొని పోవలెను. రెండవ వాననుండి పాతచీర నాలుగు మడతలు చేసి డ్రమ్ము మూతికి కట్టి పట్టుదురు. ఏడింటిలో మొదటి రెండు త్రాగుటకు, మూడవది వంటకు, తక్కినవి స్నానమునకును బట్టలకును. బియ్యము కడిగిన నీరు కరివేపాకు చెట్టుకు, బట్టలుతికిన నీరు వాకిలి కడుగుటకు. ఒక డ్రమ్ములో ముంచిన చెంబు మఱియొక డ్రమ్ములో ముంచరాదు. ఆరేండ్ల పిల్ల సైతము ఈ కట్టడిని తప్పదు. అప్పుడు నాకు ఓడరేవు ముసలామె మాట జ్ఞప్తికి వచ్చెను: ఖాళీ డ్రమ్మును ఓడలో తెచ్చుట వ్యర్థమని అందులో బియ్యము నింపి తెచ్చుచున్నదన్నమాట.

ఆహారము మాట కొచ్చినచో అక్కడి ధరల వరుస మన వరుసకు తలక్రిందులు. చేప చవక, వంకాయ ప్రియము. వంజరము, సూర ముక్కలు పేదయింటి కంచములో దినము తప్పక కనబడును గాని, ఉల్లి, బంగాళదుంప, పప్పు, నూనె మాత్రము కడలి దాటి రావలసినవే. వాయుగుండము పట్టి ఓడలు నిలిచిన వారమున ఉల్లి లేని కూర, గ్రుడ్డు లేని అంగడి సర్వసాధారణము. కావున ఓడ వచ్చిన మఱునాడు కొన్నది మఱుసటి ఓడ దనుక చాలునట్లు చూచుకొనుట అక్కడి ఇల్లాండ్రకు పుట్టుకతో వచ్చిన గణితమువలె నలవడినది. పెరటిలో ఆనపపాదు, బచ్చలి, మునగ లేని తెలుగిల్లు నాకు కానరాలేదు.

తేమ మఱియొక శత్రువు. ఉప్పు నీరగును, అగ్గిపుల్ల గీసిన రాలును, పెట్టెలోని పట్టుచీర మడతలపై బూజు తెల్లగ పూచును. ఉక్కునగరమునుండి పోయిన నేను, బీచి రోడ్డున కిటికీ ఊచలు తుప్పుపట్టుట చిన్ననాటినుండి చూచినవాడను. అయినను మూడు వారములలో నా గడియారపు మేకు ఎఱ్ఱబడుట చూచి విస్మయమందితిని. మేస్త్రి తన తాపీని, కొలబద్దను, తూకపు గుండును ప్రతిరాత్రి కొబ్బరినూనె గుడ్డతో తుడిచి గోనెలో చుట్టి, పొయ్యి ప్రక్కన పెట్టుకొనును. ఇరువది యేండ్లుగ ఒకే తాపీ యని నాకు గర్వముగ చూపెను. దాని పిడి మారినది గాని ఉక్కు మారలేదు.

కాలము సంగతి విచిత్రము. ఆ దీవులు విశాఖకు తొమ్మిది డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నను, గడియారము మాత్రము భారతదేశమంతటికిని ఒక్కటే. అందుచే సూర్యుడు మనకన్న ముప్పదియెనిమిది నిమిషములు ముందుగ నడినెత్తి కెక్కును. వేసవిలో ఐదు గంటలకే ప్రొద్దు పొడుచును, కార్తీకమున సాయంత్రము ఐదింటికి ముందే ప్రొద్దు గ్రుంకును. తులసికోట యొద్ద దీపము పెట్టు వేళకు మగవారింకను పనినుండి రారు. పంచాంగము మన ఊళ్ళ సూర్యోదయమునకు గణించినది గనుక, రాహుకాలమును దుర్ముహూర్తమును చూచుకొనువారు లెక్క సవరించుకొనవలసి యుండును. ఆ ఇల్లాలు ఆ ముప్పదియెనిమిది నిమిషములను 'మన అరగంట' అని కట్టివేసినది. అర్ధశాస్త్రీయమైనను ఆ సవరణ నాకెంతో ముద్దుగ తోచినది.

రోగము వచ్చినచో గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి కలదు. దానిని మించిన చికిత్స కావలసినచో చెన్నైయో, కలకత్తాయో, మన విశాఖయో చేరవలసినదే. మాట చేరుటకు మాత్రము ఇప్పుడు జాగు లేదు. ఉపగ్రహముపై ఆధారపడినన్నినాళ్ళు బొమ్మ కనబడక గొంతు తెగిపోవుచుండిన ఫోనులు, చెన్నైనుండి దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవున సముద్రగర్భమున పరచిన తీగ 2020 ఆగస్టు 10న పని మొదలిడిన పిమ్మట తేటపడినవి. సోంపేటలోని ముదుసలి తల్లి ఇప్పుడు మనుమరాలి జడ ఎట్లున్నదో ప్రతి సాయంత్రము చూచుచున్నది.

ఆ తీగకు మునుపే ఒక ఫోను నాకు మరపురానిది. 2014 అక్టోబరు 8న హుద్‌హుద్ తుపాను అండమానులోని లాంగ్ ఐలాండ్ చెంత నేలను తాకి దాటినది. ఆ రాత్రి మేస్త్రి జాలారిపేటలోని తన బావమఱదికి ఎన్నిమార్లో ప్రయత్నించి, తుదకు దొరికిన రెండు నిమిషములలో "గాలి మమ్మల్ని దాటిపోనాది బావా, మీకాడికే వస్తాది, పడవలు పైకి లాగండి" అని చెప్పెనట. నాలుగవ దినమున, 12వ తేదీన, ఆ గాలియే విశాఖను ఎట్లు పెకలించినదో మనకు తెలియును. కైలాసగిరి చెట్లు మొదలంట కూలిన ఆ మధ్యాహ్నమున జాలారిపేట బావమఱది పడవ మాత్రము రోడ్డు దాటి, గోడ చాటున, తాళ్ళ మధ్య క్షేమముగ నుండెను. తుపాను పుట్టిల్లు వారి ముంగిట, మెట్టినిల్లు మన ముంగిట. ఇంత దగ్గఱి చుట్టరికము మనకు మఱి యే దూరదేశముతోను లేదు.

అట్టి చుట్టములకు మన రేవునుండి పోవు ఓడ నెలకొకటి. అదియును వాతావరణము వలననో, మరమ్మతు వలననో, మఱి దేనివలననో వాయిదాపడుట కలదు. కలకత్తా, చెన్నై రేవులకు గల రాకపోకలు దీనికి లేవు. విమానము కలవారి వాహనము. డ్రమ్ము, రుబ్బురోలు, జాడీ విమానమెక్కవు, ఐదుగురు పిల్లలతో పోవు కూలివాడును ఎక్కలేడు. 1948లో జలఉష ఓడను నీట దించిన నగరమిది. 1,200 మంది ప్రయాణికులను మోయ నిర్మించిన స్వరాజ్ ద్వీప్ నౌకయు ఇచ్చటి హిందుస్థాన్ షిప్‌యార్డులోనే రూపుదిద్దుకొన్నది. ఓడలు చేయ నేర్చిన ఊరు ఒక ఓడను తేదీ తప్పక నడిపింపుమని గట్టిగ అడుగకుండుట నాకు బాధాకరము. పక్షమున కొకటి కావలెను. నెలకొకటియే యైనచో, చెప్పిన దినమున కదలవలెను. ఆ తేదీని నమ్మి అక్కడ పెండ్లి ముహూర్తములు పెట్టుకొనుచున్నారు, ఇచ్చట ఆసుపత్రిలో పడక అడుగుచున్నారు, పప్పు డబ్బా అడుగు చూచుకొనుచున్నారు.

మేస్త్రి ఇంటి వంటగది గోడకు సోంపేట బట్టల దుకాణమువారి తెలుగు కేలండరు వ్రేలాడుచుండెను. ఏకాదశి, అమావాస్య, సంకష్టహర చతుర్థి అచ్చుపడిన గళ్ళ ప్రక్కనే పెన్సిలుతో 'ఓడ' అని ఆమె వ్రాసికొన్నది. తేదీ మారినప్పుడెల్ల చెరిపి మఱియొక గడిలో వ్రాయును. ఆ నెల గళ్ళలో మూడు తావుల కాగితము రబ్బరు రాపిడికి పలుచబడి, ఒకచోట చిల్లిపడి, వెనుకనున్న మఱుసటి నెల అంకె కనబడుచుండెను. నేను తిరుగు ప్రయాణమునకు సామాను సర్దుకొనుచుండగా ఆమె గుమ్మము కడ నిలిచి, "కొత్త కేలండరొకటి అంపండి బాబూ, మడత పెట్టకండి, మడతమీద రాస్తే కనపడదు" అని చెప్పినది.

డిసెంబరు ఓడ రెండు మారులు వాయిదాపడి, మూడవమారు చెప్పిన తేదీకి కదలినది. కేలండరును పొడవాటి అట్టగొట్టములో చుట్టి, జంగ్లీఘాట్ పోవుచున్న ఒక కుఱ్ఱవాని చేతికిచ్చి, అతడు గేటు దాటి కనుమరుగగు దనుక నిలిచియుంటిని.