బడి విలీనం, ఆవాస పరిధి మార్పు: కుటుంబాలపై ప్రభావం

ప్రస్తావన

విద్యాహక్కు చట్టం, 2009లోని ముఖ్యాంశాలను మీరు ఇంతకుముందే చదివారు. అందులో 'సమీప పాఠశాల' అనే మాట గుర్తుండే ఉంటుంది. 1 నుంచి 5 తరగతుల పిల్లలకు నడిచి వెళ్ళేటట్లు 1 కిలోమీటరు లోపల, 6 నుంచి 8 తరగతుల వారికి 3 కిలోమీటర్ల లోపల బడి ఉండాలని చట్టం కింద వచ్చిన నియమాలు చెబుతున్నాయి. ఒక బడిని మూసినప్పుడు, లేదా కొన్ని తరగతులను వేరొక బడిలో కలిపినప్పుడు ఈ 'సమీపం' ఎవరికి దగ్గరగా మిగులుతుంది? ఈ భాగంలో ఆంధ్రప్రదేశ్ అనుభవం ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలిద్దాం.

దూరాన్ని ఎక్కడి నుంచి కొలవాలి?

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. దాని ప్రకారం ఉన్నత పాఠశాలకు 1 కిలోమీటరు లోపల ఉన్న ప్రాథమిక పాఠశాలల నుంచి 3, 4, 5 తరగతులను ఆ ఉన్నత పాఠశాలకు తరలించారు. పాత బడిలో 1, 2 తరగతులు మిగిలాయి. 3వ తరగతి నుంచే సబ్జెక్టు ఉపాధ్యాయులు బోధించాలన్నది దీని ఉద్దేశం. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులనూ నెట్టుకొచ్చే బడులను చూసినవారు ఈ ఆలోచనను తేలికగా కొట్టివేయలేరు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా గమనించండి. నియమం చెప్పే కిలోమీటరు పిల్లవాడి ఇంటి నుంచి బడికి. విలీనంలో కొలిచిన కిలోమీటరు బడి నుంచి బడికి. ఒక ఊరిని ఊహించుకోండి. కాలనీ నుంచి పాత బడికి 800 మీటర్లు. అక్కడి నుంచి అదే దిక్కున మరో 900 మీటర్లు పోతే ఉన్నత పాఠశాల. కాగితం మీద విలీనం నిబంధనకు లోబడే ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల మాత్రం రోజూ పోను రాను 3 కిలోమీటర్ల 400 మీటర్లు నడవాలి.

మధ్యలో వాగో, రైలు పట్టాలో, లారీలు తిరిగే రహదారో ఉంటే లెక్క ఇంకా మారుతుంది. వరదలు, రోడ్లు లేకపోవడం, చిన్నపిల్లలకు ప్రమాదం వంటివి ఉన్నచోట దూర పరిమితిని తగ్గించాలని కేంద్ర నియమావళిలో ఉంది. దగ్గరలో బడి లేని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా వంటి ఏర్పాటు చేయాలనీ ఉంది. అమెరికాలోని చికాగో నగరం 2013లో దాదాపు 50 బడులను మూసినప్పుడు, పిల్లలు కొత్త బడికి నడిచే దారుల వెంబడి పెద్దలను కాపలాకు నిలబెట్టవలసి వచ్చింది. దారి కూడా బడిలో భాగమే అన్నమాట.

ఇంట్లో ఏం మారుతుంది?

కూలికి వెళ్ళే తల్లిని తీసుకోండి. నాట్ల కాలంలో ఆమె తెల్లవారగానే బయలుదేరుతుంది. ఇంతకాలం 4వ తరగతి అక్క 1వ తరగతి తమ్ముడి చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళేది. ఇప్పుడు అక్క బడి వేరు, తమ్ముడి బడి వేరు. చిన్నవాణ్ణి ఎవరు దింపాలి? ఆ తల్లి ముందు మూడు దారులున్నాయి: పని గంటలు వదులుకోవడం, ముసలివాళ్ళ మీద ఆధారపడటం, ఆటో కట్టించుకోవడం. ఎలాగూ ఆటోకు డబ్బు పెట్టాలంటే ఆ డబ్బేదో ఇంటిముందుకు బస్సు వచ్చే ప్రైవేటు బడికే పెడదామనిపిస్తుంది. ప్రభుత్వ బడిలో సంఖ్య తగ్గడానికి ఇదీ ఒక దారి. తగ్గిన సంఖ్యే రేపు మరో మూసివేతకు కారణంగా చూపబడుతుంది.

1, 2 తరగతులే మిగిలిన బడిలో పిల్లలు తగ్గితే ఉపాధ్యాయ పోస్టులూ తగ్గుతాయి. మధ్యాహ్న భోజనం వండే మనిషి సంగతి చాలామంది మరచిపోతారు. 25 మంది పిల్లల వరకు ఒకరు, 26 నుంచి 100 వరకు ఇద్దరు అన్నది జాతీయ ప్రమాణం. సంఖ్య 25కు పడిపోతే అదే ఊరి స్త్రీ ఒకరు ఉపాధి కోల్పోవచ్చు.

కంటికి కనిపించని నష్టం ఇంకొకటి. పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల సభ్యులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతుంది. ఊరి బడిలో ఆ కాలనీవారే కమిటీ. పెద్ద బడిలో వారు అనేక ఆవాసాలలో ఒకరు. సమావేశానికి రావాలన్నా ఒక పూట కూలి పోతుంది.

2022 జూలైలో బడులు తెరిచినప్పుడు పలుచోట్ల తల్లిదండ్రులు నిరసన తెలిపారు. 2025లో ప్రభుత్వం 117వ ఉత్తర్వును పక్కనపెట్టి పాఠశాలల వర్గీకరణను మళ్ళీ మార్చింది. తరగతికొక ఉపాధ్యాయుడు ఉండే మోడల్ ప్రాథమిక పాఠశాలలు ఇప్పుడు ముందుకు వచ్చాయి. ఉత్తర్వు మారినా, ప్రతిసారీ దూరం లెక్క మళ్ళీ వేసుకోవలసింది ఆ కుటుంబాలే.

కృత్యం

మీ ఊరిలో ప్రాథమిక పాఠశాలకు అన్నిటికంటే దూరంగా ఉన్న ఇంటి నుంచి బడి వరకు ఉదయం బడి వేళకు నడవండి. పట్టిన సమయం, దాటిన రోడ్లు, దారిలో ఎదురైన ఇబ్బందులు రాసుకోండి. ఆ బడిని పక్క ఊరి బడిలో కలిపితే ఈ వివరాలు ఎలా మారతాయో 10 వాక్యాలలో వివరించండి.