ప్రమాదానంతరమున న్యాయవాది నెన్నుకొనుట

ఉప్పలు చౌరస్తాకడ వరంగల్లు త్రోవయు, సికిందరాబాదు త్రోవయు, నాగోలు త్రోవయు గలియుచున్నవి. నాచారపు కర్మాగారముల లారీలును, పని ముగించి యిండ్లకు మరలువారి ద్విచక్రవాహనములును ఆ ప్రాంతమున నొండొంటి నొరసికొనుచు పోవుచుండును. ప్రమాదము ఘటిల్లినచో, ఏడ్చుటకైనను వ్యవధి చాలని యా దినములలో న్యాయవాదిని వెదకు భారము తఱచుగా నిల్లాలిమీదనే పడును.

మొట్టమొదట వచ్చువాడు మనము పిలిచినవాడు గాడు. మా పొరుగింటి యిల్లాలు ఆసుపత్రి వరండాలో గూర్చుండియుండగా, ఎవడో యొకడు కాగితములతో వచ్చి, "అమ్మా, సంతకము చేయుడు. ఇప్పు డేమియు నీయనక్కఱలేదు. వచ్చినదానిలో మూడవపాలు మా కిచ్చిన చాలు" ననెనట. తమ్ముడు రానిదే వ్రాలు చేయనని యామె గట్టిగా జెప్పినది. వ్యాజ్యఫలములో పాలు గోరుటయు, దళారులచే గక్షిదారులను బిలిపించుకొనుటయు న్యాయవాదులకు వారి మండలి నియమములచేతనే నిషిద్ధములు.

సొమ్ము లేదని యధైర్యపడ బనిలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టముచే స్త్రీకి, ఆమె యాదాయముతో నిమిత్తము లేకయే, ఉచితముగా న్యాయవాదిని బొందు హక్కు గలదు. ఉప్పలు, నాచారములు మేడ్చలు-మల్కాజిగిరి జిల్లాలోనివి గనుక ఆ జిల్లా సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. 15100 సంఖ్యకు ఫోను చేసినను వివరములు దెలుపుదురు.

ప్రమాదము భువనగిరికడ జరిగినను, నాచారమున వసించు భార్య తన నివాసప్రాంతపు ట్రిబ్యునలులోనే పరిహారమునకై దావా వేయవచ్చునని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. కావున దూరమున నున్న పేరుమోసిన వకీలుకంటె, మనము స్వయముగా బోయి యడుగగల దగ్గఱివాడే మేలని నా తలంపు. 2022 ఏప్రిలు 1 నుండి యీ దావాకు ఆఱుమాసముల గడువు విధింపబడినది. దానిపై వివాదములు లేచినను, గడువులోపల వేయుటే క్షేమము.

వకీలు నడుగవలసిన ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. ప్రమాదమునకు లోనైనది గృహిణియైనచో ఆమె పనికి వెల యెట్లు గట్టింతురు? "ఆదాయము లేదు" అని వ్రాసి యూరకుండు వకీలు మనకు వలదు. 1989 లో జంషెడ్‌పురమున జరిగిన యగ్నిప్రమాదపు వ్యాజ్యమున, 34 మొదలు 59 ఏండ్లవఱకు గల గృహిణి సేవకు నెలకు 3,000 రూపాయల చొప్పున సుప్రీంకోర్టు 2001 లో వెల గట్టినది. 2021 జనవరిలో నొక ఢిల్లీ రోడ్డు ప్రమాదపు వ్యాజ్యమున, మన తెలుగువారగు న్యాయమూర్తి నూతలపాటి వెంకటరమణగారు ఈ విషయమునే ప్రత్యేకముగా జర్చించి, 2019 నాటి ప్రభుత్వ సర్వే నుదాహరించిరి. వేతనము లేని యింటిపనికి సగటున స్త్రీ దినమునకు 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించుచున్నారట. ఐదుగంటలకు ఒక్క నిమిషమే తక్కువ! ఆ లెక్కలో మన కాశ్చర్యపడదగిన దేమియు లేదు. న్యాయస్థానమున కెక్కుటయే విశేషము.

ఆసుపత్రి బిల్లులు, పోలీసువారి ప్రథమ సమాచార నివేదిక మున్నగువాని నకళ్లను మాత్రమే వకీలున కిచ్చి, న్యాయస్థాన మడుగువఱకు అసలు కాగితములు మనయొద్దనే యుంచుకొనవలయును. వకాలతునామాలో ఖాళీ లున్నచో వ్రాలు చేయరాదు. పరిహారము చేరవలసిన బ్యాంకు ఖాతా మీ పేరిటిదే యగునట్లు మొదటనే చూచుకొనుడు.