ఏరు దాటితే దీవి

సెలవుకి దీవి చూడాలంటే ఓడ ఎక్కాలా? ఘంటసాల వాళ్లకి బస్సు చాలు. చల్లపల్లి, మోపిదేవి దాటితే పులిగడ్డ. అక్కడ కృష్ణమ్మ రెండు పాయలవుతుంది. ఒక పాయ దాటామంటే దివిసీమలో దిగినట్టే. రెండు వైపులా ఏరు, దక్షిణాన సముద్రం. పులిగడ్డలో ఇంకో వింత చూడండి. కాలువ కూడా మనలాగే ఏరు దాటుతుంది! దాన్ని అక్విడక్టు అంటారు. దీవిలో పొలాలు తడిసేది ఆ నీటితోనే.

అవనిగడ్డ, కోడూరు మీదుగా పోతే హంసలదీవి. అక్కడ ఏరు సముద్రంలో కలుస్తుంది. మాఘ పౌర్ణమికి జనం స్నానాలకు వస్తారు. పైకి నీరు నెమ్మదిగా కనిపిస్తుంది. లోపల మాత్రం లాగుడు ఉంటుంది, కాలికింద ఇసుక జారిపోతుంది. ఈత వచ్చినా నమ్మరాదు. పిల్లల చెయ్యి వదలకూడదు. 1977 నవంబరు 19న ఈ సముద్రమే ఉప్పెనగా దీవి మీదికొచ్చింది. వేలమంది పోయారు. తర్వాతే ఊళ్లలో తుపాను షెల్టర్లు కట్టారు.