బీరువాలోని వీరుడు

రేడియోలో పలికిన మాట మరుక్షణమే గాలిలో కలిసిపోతుంది. ఆ వేళకు ఇంట లేని శ్రోతకు ఆ ప్రసంగం జరగనట్లే లెక్క. ప్రసంగ పాఠాలను ఈ పుటలలో అచ్చువేస్తున్నది అందుకే. టెలివిజను కూడ పుట్టుకతో ఇట్టిదే, చూచినంతసేపే బొమ్మ. పెద్దలకు ఇది లోపంగా తోచకపోవచ్చును. వార్తలు ఒకసారి వింటే చాలును. కాని పిల్లలకు కథ ఒకసారి వింటే చాలదు. రాత్రి చెప్పిన కథనే మరునాడు మళ్లీ చెప్పమని అమ్మమ్మను వేధించని పిల్లవాడు ఎక్కడ ఉన్నాడు? ఒక్క మాట మార్చినా ఊరుకోడు. "నిన్న ఇలా చెప్పలేదు" అని నిలదీస్తాడు.

పిల్లల ఈ స్వభావమే అమెరికాలో ఒక పెద్ద వ్యాపారానికి ఆధారమైనది. టెలివిజనులో వచ్చే సాహసవీరుల కార్టూను ధారావాహికలను మొదట వీడియో క్యాసెట్లుగాను, తరువాత డిస్కులుగాను ఇళ్లకు అమ్మడమే ఆ వ్యాపారం. కొనేది తండ్రి, చూచేది కొడుకు. అయితే ఆ పెట్టెలో ఉన్న కథ, ప్రసారమైన కథ ఒకటేనా? అమ్మమ్మను నిలదీసిన పిల్లవాడే ఈ ప్రశ్న కూడ వేయదగినవాడు.

1975లో సోనీ సంస్థ బీటామాక్స్ యంత్రాన్ని, మరుసటి సంవత్సరం జె.వి.సి. సంస్థ వి.హెచ్.ఎస్. యంత్రాన్ని విపణిలోనికి తెచ్చినవి. ప్రసారమవుతున్న కార్యక్రమాన్ని ఇంట్లోనే టేపు మీదికి ఎక్కించుకొని, తీరిక వేళ చూచుకొనడానికి వీలు కలిగినది. సినిమా సంస్థలకు ఇది రుచించలేదు. వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా నడిచి, 1984లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలువగా తేలినది: తరువాత చూచుకొనేందుకై ఇంట్లో రికార్డు చేసికొనడం నేరం కాదు. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గి ఉంటే పిల్లల అలమరల చరిత్ర మరొక విధంగా ఉండేది. వద్దన్న సంస్థలే అనంతరకాలంలో సొంతంగా క్యాసెట్లు అమ్మి లాభపడినవన్నది వేరే మాట.

ఇక అసలు కథకు వద్దాము. 1992 సెప్టెంబరు 5వ తేదీ శనివారంనాడు ఫాక్స్ టెలివిజనులో 'బ్యాట్‌మాన్' కార్టూను ధారావాహిక ప్రారంభమైనది. బ్రూస్ టిమ్, ఎరిక్ రాడోంస్కీ దీని రూపశిల్పులు. నేపథ్య చిత్రాలను తెల్ల కాగితం మీద గాక నల్ల కాగితం మీద రంగులద్ది చిత్రించడం వీరి ప్రత్యేకత. అందువల్ల ఆ నగరంలో చీకటి సహజంగా ఉంటుంది, వెలుగే పైనుంచి వచ్చి పడినట్లుంటుంది. బ్యాట్‌మాన్‌కు కెవిన్ కాన్రాయ్, జోకర్‌కు మార్క్ హామిల్ గొంతునిచ్చినారు. మాటను నమ్ముకొన్న మా వృత్తివారికి కాన్రాయ్ పనితనం పాఠం వంటిది. ముసుగు ధరించినప్పుడు ఒక గొంతు, ముసుగు లేనప్పుడు మరొకటి. కళ్లు మూసికొని విన్నా మనిషి ఏ వేషంలో ఉన్నాడో తెలిసిపోతుంది. ఈయన 2022లో మరణించినారు.

ఆ మొదటి శనివారం ప్రసారమైనది పిల్లిదొంగ 'క్యాట్‌వుమన్' కథలో పూర్వార్ధం. ఆ వేసవిలోనే అదే పాత్రతో పెద్ద సినిమా విడుదలై ఉండడం దీనికి కారణమని చెబుతారు. అసలు ముందుగా తయారుచేసిన గబ్బిల మనిషి కథ మరునాడు వచ్చినది. పిల్లి కథ ఉత్తరార్ధానికి పిల్లలు వారం రోజులు కాచుకొన్నారు. రెండవదిగా తయారైన క్రిస్మస్ కథను నవంబరు వరకు ఆపినారు. ప్రసారకర్తకు సమయ సందర్భాలు తప్పవు గదా! 2004లో ఈ ధారావాహిక డివిడి పెట్టెలుగా వెలువడినప్పుడు ఈ వరుస మారినది. మొదటి పెట్టెలో 28 కథలు. తయారైన క్రమంలో గబ్బిల మనిషి ముందు, క్రిస్మస్ దాని వెంట. 1992లో టెలివిజను ముందు కూర్చున్న పిల్లవాడు, 2004లో డిస్కు పెట్టిన పిల్లవాడు ఒకే ధారావాహికను రెండు వరుసలలో చూచినారు. ఎవరిది సరియైన వరుస? నా మట్టుకు నేను శిల్పులు చేసిన క్రమానికే ఓటు వేస్తాను. అయితే ఎదురుచూచిన ఆ వారం రోజుల రుచి ఏ డిస్కులోను దొరకదు.

క్యాసెట్ల కాలంలో వరుస అనే మాటే లేదు. అరగంట కార్యక్రమంలో ప్రకటనలు తీసివేస్తే మిగిలేది సుమారు 22 నిమిషాల కథ. క్యాసెట్టుకు ఒకటో రెండో కథలు పెట్టి, అట్టమీద పేరున్న దుర్మార్గుని బొమ్మ వేసి అమ్మేవారు. భారతంలో ఆది, సభా పర్వాలు విడిచి కర్ణపర్వం ఒక్కటే చేతికిచ్చినట్లు! విడి కథలున్న బ్యాట్‌మాన్‌కు ఇది చెల్లినది గాని, అదే సంవత్సరం మొదలైన 'ఎక్స్‌మెన్'కు చెల్లలేదు. అది 76 భాగాలలో ఒకదానినొకటి అందుకొంటూ సాగిన కథ. 1993లో పిజ్జా హట్ భోజనశాలలలో సైతం దాని క్యాసెట్లు అమ్మినారు. రొట్టెతో పాటు వీరుడు! కాని 1997లో ముగిసిన ఆ ధారావాహికకు అమెరికాలో వరుసగా డివిడిలు రావడం 2009లో ఆరంభమైనది. మొదటి భాగం నాడు పదేండ్ల పిల్లవాడు అప్పటికి ఉద్యోగస్థుడు.

ఇంటికి వచ్చే వీడియోకు మరొక సౌకర్యం కూడ ఉన్నది. టెలివిజను పిల్లల వేళలో చెప్పరాని కథలను దానిలో చెప్పవచ్చును. 'మాస్క్ ఆఫ్ ద ఫాంటాజం' అనే బ్యాట్‌మాన్ చిత్రాన్ని తొలుత నేరుగా వీడియోకే ఉద్దేశించినారు. తరువాత సంస్థ మనసు మార్చుకొని 1993 క్రిస్మస్‌నాడు థియేటర్లలో విడుదల చేసినది. అక్కడ ఆదరణ అంతంత మాత్రమే. దానికి పేరు వచ్చినది ఇళ్లలో క్యాసెట్టు మీద చూచినవారి వల్లనే.

ఇంతకంటె గంభీరమైన ఉదంతం 'రిటర్న్ ఆఫ్ ద జోకర్'ది. ముసలివాడైన బ్యాట్‌మాన్ తన స్థానంలో ఒక యువకుని తీర్చిదిద్దే ధారావాహికకు అనుబంధంగా 2000లో తయారైన వీడియో చిత్రమిది. అంతకు ముందటి సంవత్సరం కొలంబైన్ పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపి తోటివారిని చంపినారు. పిల్లల చిత్రాలలోని హింసపై దేశమంతటా ఆగ్రహం రగులుతున్న సమయం. సంస్థ విడుదల ఆపి, చిత్రాన్ని కత్తిరించి, కొన్ని దృశ్యాలు తిరిగి గీయించి డిసెంబరులో వెలువరించినది. జోకర్ మరణించిన తీరే మారిపోయినది. అసలు కూర్పులో, చిత్రహింసలకు లోనై మతి చలించిన బాలుడు రాబిన్ చేతిలోని ఆయుధానికి అతడు బలియవుతాడు. మార్చిన కూర్పులో అది విద్యుద్ఘాతంవల్ల కలిగిన ప్రమాదం. 2002లో అసలు కూర్పును, పదమూడేండ్ల లోపువారి విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్త వహించవలెనన్న గుర్తుతో విడిగా విడుదల చేసినారు.

ఏడేండ్ల బిడ్డకు మొదటి కూర్పే తగినది. ఇందులో నాకు సందేహం లేదు. కాని మార్చిన కథలో బాలుని బాధకు మూలం పలుచబడినది. అతడు పెద్దవాడైనా ఎందుకు కోలుకొనలేదో చక్కగా బోధపడదు. రెండు కూర్పులూ అంగడిలో ఉన్నప్పుడు ఏది తేవలెనో నిర్ణయించేది కొనేవాడు. ప్రసారంలో ఆ నిర్ణయం మా వంటివారి చేతిలో ఉంటుంది. పెట్టె వెనుక చిన్న అక్షరాలను చదవడం ఇందుకు అవసరం.

ఆ చిన్న అక్షరాలలో మరొకటి గమనింపదగినది ఉన్నది. డివిడి తయారీదారులు ప్రపంచాన్ని మండలాలుగా విభజించినారు. అమెరికా ఒకటవ మండలం, మనది అయిదవది. అమెరికాలోని మనవారు సెలవులకు వస్తూ మేనల్లుళ్లకు తెచ్చిన డిస్కు ఇక్కడి యంత్రంలో ఆడకపోతే, తప్పు డిస్కుదీ కాదు, మేనమామదీ కాదు. అన్ని మండలాలవీ ఆడించే యంత్రం కావలె. క్యాసెట్ల నాడు వారి పద్ధతి ఎన్.టి.ఎస్.సి., మన పద్ధతి పాల్ కావడంచేత ఇట్టి చిక్కే ఉండేది.

2018లో బ్యాట్‌మాన్ ధారావాహిక 109 భాగాలు, అంటే మొదటి 85, అనంతర కాలపు 24, శుభ్రపరచిన బొమ్మతో బ్లూరేగా వచ్చినవి. నల్ల కాగితం మీది చిత్రణ ఎంత లోతైనదో దానిలో తెలుస్తుంది. టేపులో ఆ చీకటి అంతా బూడిదరంగు ముద్దయ్యేది. ఆ పాటికే అనేక గృహాలలో డిస్కు యంత్రం మూలపడినది. ఇప్పుడు కథలు ఇంటర్నెట్టు ద్వారా చందాకు వస్తున్నవి. అలమర ఖాళీ, జాబితా పొడుగు. అయితే ఆ జాబితా మనది కాదు. 2022 ఆగస్టులో హెచ్.బి.ఓ. మాక్స్ సంస్థ తన వద్ద ఉన్న పలు కార్టూను ధారావాహికలను ఉన్నట్లుండి తొలగించినది. నిన్న చూచినది నేడేదని అడిగిన బిడ్డకు చందా కట్టిన తండ్రి ఏమి సమాధానం చెప్పగలడు? ప్రసార కాలపు పిల్లవాని స్థితికే మళ్లీ వచ్చినట్లయినది. ఆనాడు కనీసం మళ్లీ ఎప్పుడు వేస్తారో పత్రికలో చూచుకొనేవారు.

పాత క్యాసెట్లు ఉన్నవారికి ఒక మాట. వాటిని ఆడించే యంత్రాల తయారీని చివరి సంస్థ అయిన జపాను ఫునాయీ 2016 జూలైతో నిలిపివేసినది. టేపు మీది అయస్కాంతపు పూత కాలక్రమాన చెడుతుంది. మన కోస్తా జిల్లాల తేమకు బూజు పడుతుంది. బూజు పట్టిన టేపును యంత్రంలో పెట్టరాదు, తలలు చెడతాయి. నిటారుగా, పొడిగా ఉన్నచోట దాచి, యంత్రం దొరికినంతలో కంప్యూటరులోనికి ఎక్కించుకొనడం మేలు. ముఖ్యంగా ఇంట్లో రికార్డు చేసినవాటిని పారవేయకండి. డిస్కులలో తీసివేసిన ప్రకటనలు, మధ్యలో "మిగిలిన కథ వచ్చే వారం" అన్న ప్రకటనకర్త గొంతు వాటిలోనే ఉన్నవి.