రికోటా అంటే రెండోసారి కాచినది

పెద్ద దుకాణాల్లో ఇప్పుడు రికోటా అనే తెల్లని మెత్తని చీజ్ డబ్బాలు కనబడుతున్నాయి. ఇదేమిటి, మనం తినవచ్చా అని చాలా ఇళ్లలో సందేహం.

రికోటా ఇటలీ దేశపు మాట. 'మళ్లీ కాచినది' అని అర్థం. తయారీ పేరులోనే ఉంది. పాలు విరిచి చీజ్ గడ్డ తీశాక తేటనీరు మిగులుతుంది. పాలలోని మాంసకృత్తుల్లో సుమారు అయిదో వంతు ఆ నీటిలోనే ఉండిపోతాయి. ఆ నీటిని 80 నుంచి 90 డిగ్రీల వరకు మళ్లీ కాస్తే అవి మెత్తని తరకలుగా పైకి తేలుతాయి. అదే రికోటా. ఈనిన పశువు ముర్రుపాలతో చేసే మన జున్ను వేరు. మనం పాలు మరిగించి విరుస్తాం కనుక ఈ మాంసకృత్తులు చాలావరకు పనీర్‌లోనే చేరతాయి. అందువల్ల పనీర్ నీళ్లు మళ్లీ కాచినా రికోటా పెద్దగా రాదు.

హకీముల పుస్తకంలో

11వ శతాబ్దపు బాగ్దాద్ హకీం ఇబ్న్ బుత్లాన్ 'తఖ్వీమ్ అస్సిహా' అనే ఆరోగ్య గ్రంథం రాశారు. అది లాటిన్‌లోకి వెళ్లింది. 14వ శతాబ్దం చివర ఇటలీలో బొమ్మలతో రాసిన దాని ప్రతుల్లో రికోటా కాచే బొమ్మ కూడా ఉంది. దాని మిజాజ్ చల్లన, తడి అని చెప్పారు. ఒంటికి పుష్టినిస్తుంది, కాని ఆలస్యంగా అరుగుతుంది. విరుగుడు తేనె.

రికోటాకు మూలమైన తేటనీరే యునానీలో 'మాఉల్ జుబ్న్'. 'మా' అంటే నీరు, 'జుబ్న్' అంటే చీజ్. మేకపాలు విరిచి వడకట్టిన ఈ నీటిని సౌదా రోగాలకు, మృదువుగా విరేచనం కావడానికి హకీములు ఇస్తారు. మోతాదు హకీం చెప్పాలి, సొంతంగా వాడకూడదు.

హలాల్ మాట

రికోటాలో పులుపు మాత్రమే వేసినా, ఆ నీరు వచ్చిన మొదటి చీజ్‌ను దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో విరిచి ఉండవచ్చు. కాబట్టి డబ్బా మీద హలాల్ గుర్తు గాని, మన దేశపు పచ్చచుక్క గాని చూసి కొనండి. పచ్చచుక్క ఉంటే జంతు రెన్నెట్ వాడలేదని అర్థం.

బల్గం ఎక్కువగా ఉన్నవారు, రాత్రి పూట తినేవారు కొద్దిగానే తీసుకోవాలి. పాలు పడనివారు మానాలి. మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరును అడగాలి. డబ్బా తెరిచాక ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజుల్లో తినేయండి. వాసన మారితే పారేయండి.