మీకు తెలుసా? రేష్మె పురుగుకు పద్దెనిమిది ముక్కులు, టర్బోకు ఒక్కటే

శిడ్లఘట్ట చుట్టుపక్కల రేష్మె, అంటే పట్టు పురుగులు, సాకే ఇళ్లలో ఒక పట్టింపు ఉంది. టిప్పర్లు తిరిగే దారి పక్కన మల్బరీ ఎంత ఏపుగా పెరిగినా, దుమ్ము పట్టిన ఆ ఆకును పురుగుకు వెయ్యరు. ఆకు మీద ఎంత శ్రద్ధో గాలి మీదా అంతే. పురుగుల ఇంట్లో ఉక్కపోస్తే గూడు చెడుతుందని కిటికీలు తెరిచి పెడతారు. ఆ పురుగు ఊపిరి తీసేది నోటితో కాదు. ఒంటికి రెండు పక్కలా తొమ్మిదేసి, మొత్తం 18 సన్న రంధ్రాలున్నాయి. పక్కల వరసగా కనబడే నల్ల చుక్కలు అవే. ఒక్కో రంధ్రం వాకిట జల్లెడలాంటి అమరిక ఉండి దుమ్మును బయటే ఆపుతుంది.

అదే ఇంటి ముందు నిలబడిన కారు ఇంజిన్‌కు గాలి పోయే దారి, అంటే ఇన్‌టేక్, ఒక్కటే, జల్లెడా ఒక్కటే. "అన్నా, టర్బో బండికి వేరే ఇన్‌టేక్ వేయిస్తే పికప్ పెరుగుతుందంట, ఏది వేయించమంటావు?" అని కుర్రవాళ్లు గ్యారేజీలో అడుగుతుంటే విన్నాను. మంచి ప్రశ్నే. అయితే దాని జవాబు బండి ఏ కంపెనీదో చూసి చెప్పేది కాదు. మన ఊరి ఎత్తు, మన ఊరి దుమ్ము చూసి చెప్పాలి.

లీటరు పెట్రోలుకు పదివేల లీటర్ల గాలి

ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. మన దగ్గరి పలచని గాలిలో లెక్క వేస్తే లీటరు పెట్రోలుకు సుమారు పదివేల లీటర్ల గాలి అవుతుంది. శిడ్లఘట్ట నుంచి బెంగళూరు వెళ్లడానికి నాలుగు లీటర్లు పడితే బండి 40 వేల లీటర్ల గాలి పీల్చిందన్నమాట. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి 28 వేల లీటర్లే. దారిలో జల్లి క్రషర్ల దగ్గర లేచిన పొడి, రాగి చేను దున్నినప్పుడు ఎగిరిన మన్ను, ముందు పోయే లారీ పొగ, అన్నీ ఆ గాలితోపాటు ఫిల్టర్ దాకా వస్తాయి.

మీ డీజిల్ బండిలో టర్బో ఉందా?

చాలామంది టర్బో అంటే రేసు కారు అనుకుంటారు. టొమాటో పెట్టెలు మోసే బొలేరో పికప్‌లో ఉన్నది టర్బో డీజిలే. పదిహేనేళ్ల కిందటి డీజిల్ స్విఫ్ట్‌లోనూ టర్బో ఉంది. కాబట్టి ఈ మాటలు కొత్త పెట్రోలు టర్బో కొన్నవాళ్లకే కాదు.

ఎత్తున్న చోట టర్బో చేసే మేలు

శిడ్లఘట్ట సముద్ర మట్టానికి సుమారు 880 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నైలో గాలి ఒత్తిడి 100 అనుకుంటే ఇక్కడ 90. నంది కొండ మీద, 1,478 మీటర్ల దగ్గర, 84. టర్బో లేని ఇంజిన్ ఎక్కడ ఎంత పలచని గాలి దొరికితే అంతే పీలుస్తుంది, అందుకే కొండెక్కేటప్పుడు నీరసపడుతుంది. టర్బో ఇంజిన్ బయటికి పోయే పొగ బలంతో చక్రం తిప్పుకుని, గాలిని కుక్కి లోపలికి పంపుతుంది. 1905లో ఆల్ఫ్రెడ్ బుకీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు పేటెంటు తీసుకున్నది ఈ ఆలోచనకే. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమానం ఇంజిన్‌ను 14,109 అడుగుల ఎత్తున్న పైక్స్ పీక్ కొండ మీదికి మోయించి పరీక్ష పెట్టాడు. ఆ ఎత్తులో టర్బో లేకుండా ఇంజిన్ తన బలంలో మూడో వంతు పోగొట్టుకుంది. టర్బో తగిలించగానే సముద్ర తీరంలో ఇచ్చిన బలమంతా తిరిగి ఇచ్చింది. ఆ మేలు ఉచితంగా రాదు. పలచని గాలిని అదే ఒత్తిడికి తేవాలంటే చక్రం మరింత వేగంగా తిరగాలి.

ఐదు పాళ్లు అడ్డుపడితే

నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. చెన్నై గాలిని 100 అనుకున్న అదే లెక్కలో ఇంజిన్‌కు 180 పాళ్ల ఒత్తిడి కావాలనుకుందాం. చెన్నైలో 100ను 180 చెయ్యాలి, అంటే 1.8 రెట్లు. శిడ్లఘట్టలో 90ను 180 చెయ్యాలి, రెండు రెట్లు. ఇప్పుడు ఫిల్టర్ మూసుకుపోయి మరో 5 పాళ్లు అడ్డుపడిందనుకోండి. కంప్రెసర్, అంటే టర్బోలో గాలిని కుక్కే భాగం, నోటికి అందేది 85. దాన్ని 180 చెయ్యాలంటే 2.12 రెట్లు కుక్కాలి. అదే అడ్డు చెన్నైలో పడితే 1.89 రెట్లతో పని జరుగుతుంది. ఒకే ఫిల్టర్, ఒకే దుమ్ము, కానీ పైన ఉన్న ఊళ్లో టర్బోకు ఎక్కువ శ్రమ.

గాలిని కుక్కినకొద్దీ వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని రెండు రెట్లు కుక్కితే, మామూలు పనితనమున్న కంప్రెసర్ నుంచి దాదాపు 125 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. 2.12 రెట్లకు అది ఇంకో తొమ్మిది డిగ్రీలు పెరుగుతుంది. ఇంటర్‌కూలర్ కొంత చల్లారుస్తుంది కానీ, చక్రం పడ్డ అదనపు శ్రమ ఎక్కడికీ పోదు. ఇంత జరుగుతున్నా నడిపేవాడికి తెలియదు. టర్బో ఆ లోటును కప్పేసి నడుపుతూనే ఉంటుంది. టర్బో లేని బండి అయితే ఫిల్టర్ మూసుకుపోయిందని నీరసంతో ఎప్పుడో చెప్పేది.

కాబట్టి ఇన్‌టేక్‌లో చూడాల్సినవి: గాలి అడ్డు లేకుండా రావాలి, చల్లగా రావాలి, శుభ్రంగా రావాలి. ఒకదాని కోసం మరొకటి వదిలేస్తే లాభం లేదు.

బానెట్ కింద తెరిచిన కోన్ ఫిల్టర్

ఫిల్టర్ ఉండే డబ్బా తీసేసి పైపు చివర కోన్ ఫిల్టర్ తగిలిస్తే "ఉష్" అనే శబ్దం వస్తుంది. కంప్రెసర్ చప్పుడు, పెడల్ వదిలినప్పుడు గాలి తప్పించుకునే చప్పుడు అదివరకు డబ్బాలో అణిగి ఉండేవి. ఇప్పుడు బయటికి వినబడుతున్నాయి. శబ్దం పెరిగిందంటే బలం పెరిగినట్టు కాదు. గాలి ప్రతి మూడు డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక శాతం పలచబడుతుంది. బయట 30 డిగ్రీలున్నప్పుడు ట్రాఫిక్‌లో నిలబడిన బండి బానెట్ కింద 60 ఉంటే, కోన్ పీల్చేది పదో వంతు పలచని గాలి. కంపెనీ ఇచ్చే మూసిన డబ్బాకు గ్రిల్ దగ్గర్నుంచి గొట్టం ఉంటుంది. అది చల్లటి గాలి కోసం వేసిన దారి. దాన్ని తీసేసి డబ్బులిచ్చి వేడిగాలి కొనుక్కోకండి.

మూడు అంగుళాల పైపు

చాలా బండ్లలో పీల్చిన గాలిని కొలిచే సెన్సర్ ఇన్‌టేక్ పైపులోనే ఉంటుంది. ఆ పైపు లోపలి కొలతను బట్టే కంప్యూటర్ లెక్క వేస్తుంది. 70 మిల్లీమీటర్ల పైపు తీసి 76 మిల్లీమీటర్లది వేస్తే, అంతే గాలికి సెన్సర్ దగ్గర వేగం సుమారు 15 శాతం తగ్గుతుంది. గాలి తక్కువగా వస్తోందని కంప్యూటర్ పొరబడి ఇంధనం తప్పుగా కొలుస్తుంది. నూనె పూసిన కాటన్ ఫిల్టర్‌తో ఇంకో చిక్కు. కడిగి నూనె ఎక్కువగా పట్టిస్తే ఆ తడి సెన్సర్ తీగ మీద పేరుకుంటుంది. ట్యూనింగ్ మార్చి రేసు ట్రాక్ మీద నడిపేవారి లెక్క వేరు. వారికి పెద్ద పైపుతో నిజంగానే లాభం ఉంది. రోజూ చింతామణి, బాగేపల్లి దారుల్లో తిరిగే బండికి లేదు.

వాడిన ఫిల్టరే నయం

నేను మొదటిసారి తెలుసుకున్నప్పుడు నమ్మలేదు: కొత్త కాగితం ఫిల్టర్ కంటే కొన్నాళ్లు వాడిన ఫిల్టర్ సన్న దుమ్మును ఇంకా బాగా పడుతుంది. పట్టిన దుమ్మే రెండో జల్లెడగా పనిచేస్తుంది. అందుకే వారం వారం తీసి గ్యారేజీ కంప్రెసర్‌తో గాలి కొట్టించడం మేలు కాదు. దగ్గర్నుంచి గట్టిగా కొడితే కాగితంలో కంటికి కనబడని చీలికలు పడతాయి. మన గ్రానైట్ పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది, అది అల్యూమినియం కంటే ఎంతో గట్టిది. టర్బోలో గాలిని కుక్కే చక్రమేమో అల్యూమినియంతో చేసినది, అరచేతిలో ఇమిడేంత. ఇంజిన్ బలంగా లాగేటప్పుడు నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల సార్లు తిరుగుతుంది. దాని అంచు వేగం శబ్దవేగాన్ని దాటుతుంది. ఆ వేగంలో దుమ్ము రేణువు తగిలితే రెక్క అంచు అరుగుతుంది.

పాత ట్రాక్టర్ల మీద నూనె గిన్నె ఫిల్టర్ చూసే ఉంటారు. గిన్నె విప్పి, అడుగున చేరిన బురద తీసి, కొత్త నూనె పోస్తారు. మంచి పనిముట్టే, కానీ ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు సన్న దుమ్మును వదిలేస్తుంది. టర్బోకు అది చాలదు.

నీళ్లు

2021 నవంబరు వానలకు మన జిల్లా చెరువులు నిండి దారుల మీద నీళ్లు పారాయి. చల్లటి గాలి కోసమని ముందు బంపర్ వెనక కిందికి దింపిన ఇన్‌టేక్ అలాంటి చోట గాలికి బదులు నీళ్లు లాగుతుంది. నీటిని గాలిలా కుక్కలేం, కాబట్టి ఇంజిన్ లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కంపెనీ ఇన్‌టేక్ నోరు పైన పెట్టింది ఇందుకే.

ఇక ఏది వేయించాలంటే

డబ్బా, పైపు కంపెనీవే ఉండనివ్వండి. మంచి కాగితం ఫిల్టర్ కొనండి, అంచు రబ్బరు డబ్బాలో సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. దుమ్ము దారుల్లో తిరిగే బండికి మార్చే గడువు తక్కువని యజమాని పుస్తకంలో వేరుగా రాసి ఉంటుంది, ఆ లెక్క మనది. ఫిల్టర్ తర్వాత ఉన్న పైపును విప్పి, లోపల తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు బూడిద రంగు పొడి అంటిందంటే ఎక్కడో క్లిప్పు వదులైంది, లేదా రబ్బరు చీలింది. ఏ ఫిల్టర్ వేసినా వృథా, ముందు అది బాగుచేయించాలి. పైపులో పలచగా నూనె తడి కనబడితే భయపడకండి, ఇంజిన్ ఆవిరితో అది కొంత సహజం. ఫిల్టర్ మార్చిన రోజున తేదీ, కిలోమీటర్లు డబ్బా మూత మీదే మార్కర్‌తో రాసిపెట్టండి.