అంచు లేని తూటా, ఉక్కు రేకు ముక్క

రివాల్వర్ తూటానూ పిస్టల్ తూటానూ పక్కపక్కన పెట్టి అడుగు భాగం చూస్తే తేడా చటుక్కున దొరుకుతుంది. రివాల్వర్ తూటాకు అడుగున మేకు తలలా ఒక అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పిస్టల్ తూటాకు ఆ అంచు ఒంటి వెడల్పు దాటదు, దాని పైన చుట్టూ ఒక గాడి మాత్రం ఉంటుంది. చూడ్డానికి చిన్న తేడాయే. కానీ వందేళ్లకు పైగా ఇంజనీర్ల చేత రకరకాల ఏర్పాట్లు చేయించింది ఈ తేడాయే.

రివాల్వర్‌లో ఆ అంచుకు రెండు పనులున్నాయి. సిలిండర్‌లోని గదులు రెండు వైపులా తెరిచి ఉంటాయి కాబట్టి, తూటా ముందుకు జారిపోకుండా వెనకాల పట్టి ఆపాలి. అది మొదటి పని. పేలిన తర్వాత ఖాళీ కేసులు వేడికి, ఒత్తిడికి ఉబ్బి గది గోడలకు అతుక్కుంటాయి. వాటిని బయటికి నెట్టడానికి సిలిండర్ మధ్యలో నక్షత్రం ఆకారంలో ఒక లోహపు భాగం ఉంటుంది. అది తోయడానికి ఏదో ఒక పట్టు కావాలి కదా, ఆ పట్టు కూడా అంచే. ఇది రెండో పని.

పిస్టల్ దగ్గరికి వచ్చేసరికి అదే అంచు అడ్డం. మ్యాగజీన్‌లో తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనకాల పడిందంటే, అది ముందుకు కదలకుండా ఇరుక్కుపోతుంది. అందుకే జాన్ బ్రౌనింగ్ 20వ శతాబ్దం తొలి ఏళ్లలో .45 ఏసీపీ తూటాను అంచు లేకుండా తయారుచేశాడు. దాని ఇత్తడి కేసు పొడవు దాదాపు 23 మిల్లీమీటర్లు. పిస్టల్ గదిలోకి వెళ్లినప్పుడు కేసు మూతి, అంటే గుండు కూర్చున్న వైపు, లోపలి చిన్న మెట్టుకు తగిలి ఆగుతుంది. ఖాళీ కేసును బయటికి లాగే కొక్కెం గాడిలో పడుతుంది. పిస్టల్‌కు అంతకు మించి అక్కర్లేదు.

అలాంటి తూటాను రివాల్వర్‌లో వాడాలంటే అంచు చేసే రెండు పనులనూ మరొకటి నెత్తిన వేసుకోవాలి. ఆ బాధ్యత మోసింది మిల్లీమీటరు మందం కూడా లేని ఒక ఉక్కు రేకు ముక్క. ఆయుధాల కొరతలో తాత్కాలికంగా సర్దుకుపోవడానికి చేసిన ఆ ముక్క, చివరికి మామూలు రివాల్వర్ తూటా కన్నా సుఖమైన ఏర్పాటుగా తేలింది. ఈ యంత్రం కథలో నన్ను పట్టి కూర్చోబెట్టేది ఆ మలుపే.

ఆ ఆలోచన మొదటి ప్రపంచ యుద్ధం కన్నా ముందే ఒకసారి తలెత్తింది, అదీ మన ఉపఖండంలో పనిచేసిన ఒక సైనికాధికారి బుర్రలో. జార్జ్ విన్సెంట్ ఫాస్బరీ బెంగాల్ సైన్యంలో ఉండేవాడు. 1863లో వాయవ్య సరిహద్దులో జరిగిన అంబేలా పోరాటంలో విక్టోరియా క్రాస్ పొందాడు. ఆ తర్వాత తుపాకుల మీద పడ్డాడు. పేలినప్పుడు వెనక్కి తన్నే బలంతోనే సిలిండర్ తిరిగి, సుత్తి దానంతటదే వెనక్కి వెళ్లి సిద్ధమయ్యే వింత రివాల్వర్‌కు 1895లో పేటెంట్ తీసుకున్నాడు. వెబ్లీ కంపెనీ దాన్ని తయారుచేసి అమ్మింది. అందులో ఒక రకం బ్రౌనింగ్ .38 పిస్టల్ తూటాను వాడేది. ఎనిమిది తూటాలనూ ఒకే గుండ్రటి క్లిప్పులో బిగించి, ఒక్కసారిగా సిలిండర్‌లో దించేవారు. ఆ రకం తుపాకులు చాలా తక్కువే తయారయ్యాయి. బురదకూ దుమ్ముకూ తట్టుకోలేని యంత్రమది, బ్రిటిష్ సైన్యం దాన్ని అధికారిక ఆయుధంగా తీసుకోలేదు. క్లిప్పు సంగతీ దానితోపాటే మరుగున పడింది.

1917 ఏప్రిల్ 6న అమెరికా జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. ఆ దేశ సైన్యపు చేతి తుపాకీ, బ్రౌనింగ్ రూపొందించిన ఎం1911 పిస్టల్. కొత్తగా లక్షల మంది సైన్యంలో చేరుతున్నారు, పిస్టళ్లేమో అంత మందికి సరిపోయేలా లేవు. కొత్త ఫ్యాక్టరీలకు ఆర్డర్లిచ్చినా యంత్రాలు బిగించి, పనివాళ్లకు నేర్పి, సరుకు బయటికి తేవడానికి నెలలు పడుతుంది. అప్పటికే దేశంలో రెండు కంపెనీల దగ్గర పెద్ద రివాల్వర్లు చేసే యంత్రాలు నడుస్తున్నాయి. కనెటికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో కోల్ట్, మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్మిత్ అండ్ వెస్సన్. కోల్ట్ వారి న్యూ సర్వీస్ రివాల్వర్‌ను సైన్యం అంతకుముందే ఎరుగును. స్మిత్ అండ్ వెస్సన్ వారు బ్రిటన్ సైన్యం కోసం .455 రివాల్వర్లు చేసి పంపి ఉన్నారు.

రివాల్వర్లకు కొదవ లేదు, చిక్కంతా తూటా దగ్గరే. యుద్ధరంగానికి చేతి తుపాకుల కోసం రెండు రకాల తూటాలు పంపితే గందరగోళం తప్పదు. పిస్టల్ ఉన్నవాడికి రివాల్వర్ తూటాల పెట్టె చేరిందంటే ఆ పూట వాడి ప్రాణం గాలిలో దీపమే. కాబట్టి రివాల్వర్ కూడా .45 ఏసీపీనే కాల్చాలని సైన్యం పట్టుబట్టింది.

దారి చూపింది స్మిత్ అండ్ వెస్సన్. కంపెనీ స్థాపకుల్లో ఒకరైన డేనియల్ వెస్సన్ కొడుకు జోసెఫ్ వెస్సన్ పేరు మీద ఆ ఆవిష్కరణ నమోదైంది. స్ప్రింగ్ గుణమున్న ఉక్కు రేకును అరవృత్తంగా కత్తిరించి, వంపు వైపు మూడు చోట్ల నోళ్లు తెరిచారు. తూటా అడుగున ఉన్న గాడిని ఆ నోట్లోకి నొక్కితే టక్కున పట్టుకుంటుంది. మూడు తూటాలతో ఒక హాఫ్ మూన్ క్లిప్, అలాంటివి రెండు కలిస్తే ఆరు గదుల సిలిండర్ నిండినట్టే. పిస్టల్ కోసం గాడి పెట్టింది బ్రౌనింగ్, రివాల్వర్ కోసం ఆ గాడిలోనే చోటు వెతుక్కున్నాడు వెస్సన్. తూటాలో వెంట్రుకవాసి కూడా మార్చలేదు. సైన్యం అడిగిందని పోటీ కంపెనీ కోల్ట్ కూడా ఇదే క్లిప్పు వాడుకోవడానికి స్మిత్ అండ్ వెస్సన్ ఒప్పుకుంది.

ఇది చేతిలో ఎలా నడుస్తుందో దగ్గరగా చూడాలి. ఎడమ పక్కనున్న చిన్న మీటను బొటనవేలితో స్మిత్ అండ్ వెస్సన్‌లో ముందుకు నెట్టాలి, కోల్ట్‌లో వెనక్కి లాగాలి. సిలిండర్ ఎడమకు వాలుతుంది. తూటాలు క్లిప్పులో బిర్రుగా బిగిసి ఉండవు, కాస్త అటూఇటూ ఊగుతుంటాయి. అలా ఊగడం లోపం కాదు, అవసరం. మూడు గుండ్ల ముక్కులూ మూడు గదుల నోళ్లను వాటంతటవే వెతుక్కుని జారతాయి. రెండో క్లిప్పు కూడా దించి సిలిండర్‌ను మూయాలి. క్లిప్పు రేకు సిలిండర్ వెనక ముఖం మీద ఆనుకుని తూటాలను ముందుకు పోనివ్వదు. ఆరూ పేలాక సిలిండర్‌ను మళ్లీ వాల్చి, ముందున్న కడ్డీని అరచేత్తో ఒక్క తోపు తోస్తే, నక్షత్రం క్లిప్పులను వెనక్కి నెడుతుంది. మూడేసి కేసుల గుత్తులు రెండూ నేల మీద పడతాయి. ఒక్కో ఖాళీ కేసునూ గోటితో పీక్కునే పని లేదు.

ఆ రోజుల్లో మామూలు రివాల్వర్ పట్టుకున్న సైనికుడు తూటాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ దూర్చుకునేవాడు. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో, కందకంలో, చీకట్లో. ఆ అవస్థలో ఆరు సార్లకు బదులు రెండు సార్లతో పని అయిపోవడం ఎంత ఊరటో వేరే చెప్పాలా? క్లిప్పులు పెట్టుకోవడానికి మూడు జేబుల కాన్వాస్ సంచీ ఒకటి నడుము బెల్టుకు తగిలించుకునేవారు.

తొలి రోజుల్లో రెండు కంపెనీల సిలిండర్లకూ ఒక తేడా ఉండేది. స్మిత్ అండ్ వెస్సన్ గదుల లోపల పిస్టల్‌లో లాగే చిన్న మెట్టు పెట్టింది. క్లిప్పు పోయినా తూటా మూతి ఆ మెట్టుకు తగిలి ఆగుతుంది, కాబట్టి పేలుతుంది. కాకపోతే ఖాళీ కేసులను పుల్లతోనో పెన్సిల్‌తోనో ముందు నుంచి పొడిచి తియ్యాలి. కోల్ట్ తొలి సిలిండర్లలో గదులను ఈ చివరి నుంచి ఆ చివరికి తిన్నగా తొలిచేశారు. వాటిలో క్లిప్పు లేకపోతే తూటా ముందుకు జారిపోవడమే, సుత్తి దెబ్బ దానికి అందదు. తర్వాత కోల్ట్ కూడా మెట్టు పెట్టింది.

రెండు కంపెనీలూ చెరో లక్షన్నర చొప్పున, మొత్తం మూడు లక్షల పైచిలుకు ఈ రివాల్వర్లు చేశాయి, వాటి పేరు ఎం1917. మధ్యలో స్మిత్ అండ్ వెస్సన్‌లో కార్మిక సంఘం గొడవ ముదిరింది. జాతీయ యుద్ధ కార్మిక బోర్డు తీర్పును యాజమాన్యం ఒప్పుకోలేదు. 1918 సెప్టెంబరులో ప్రభుత్వం ఫ్యాక్టరీనే స్వాధీనం చేసుకుని తుపాకుల పని సాగించింది.

యుద్ధం ముగిశాక ఈ రివాల్వర్లు మిగులు సరుకుగా మామూలు జనం చేతుల్లోకి వచ్చాయి. తుపాకీ అయితే దొరికింది గానీ, క్లిప్పులతో కుస్తీ పట్టే ఓపిక అందరికీ లేదు. 1920లో పీటర్స్ కార్ట్రిడ్జ్ కంపెనీ .45 ఆటో రిమ్ అనే తూటా తెచ్చింది. ఏసీపీ తూటాకే మళ్లీ అంచు అతికించారన్న మాట, అదీ మామూలు అంచు కన్నా మందంగా. సిలిండర్‌కూ వెనక గోడకూ మధ్య క్లిప్పు కోసం వదిలిన సందును ఆ మందం పూడ్చాలి మరి. 1937లో బ్రెజిల్ ప్రభుత్వం దాదాపు 25,000 స్మిత్ అండ్ వెస్సన్ తుపాకులు కొనుక్కుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పాత ఎం1917లు గోడౌన్ల నుంచి మళ్లీ బయటికొచ్చాయి.

ఆ యుద్ధం తర్వాత ఈ క్లిప్పు తెలివి ఒక ప్రమాదకరమైన పనికి కూడా దారితీసింది. బ్రిటన్ నుంచి వెబ్లీ .455 రివాల్వర్లు గుట్టలుగా అమెరికా బజారుకు వచ్చాయి. ఆ తూటాలు అక్కడ దొరకవు, .45 ఏసీపీ మాత్రం ఏ కొట్లోనైనా దొరుకుతుంది. దాంతో వ్యాపారులు వెబ్లీ సిలిండర్ వెనక ముఖాన్ని చెక్కేసి, క్లిప్పులు పట్టేలా చేసి అమ్మారు. తూటా పడుతుంది, పేలుతుంది. కానీ .45 ఏసీపీకి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 21,000 పౌండ్లు. వెబ్లీ అంతకన్నా చాలా మెత్తని తూటా కోసం పుట్టిన తుపాకీ. తూటా గదిలో పట్టినంత మాత్రాన ఆ ఉక్కు దాన్ని తట్టుకుంటుందని కాదు. చక్కటి పాత తుపాకులను అలా చెక్కి పాడు చేశారే అని నాకు బాధ, వాటిని నమ్మి కాల్చినవాళ్ల చేతులు తలుచుకుంటే భయం.

పిస్టల్ నుంచి అరువు తెచ్చుకున్న తూటాలోని అసలు సుగుణం మెల్లగా బయటపడింది. .45 కోల్ట్ లాంటి పాత రివాల్వర్ తూటాలు నల్ల తుపాకీమందు కాలంలో, 1870లలో పుట్టినవి. ఆ మందు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఆ కేసు 32 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. పొగ రాని కొత్త మందు వచ్చాక అందులో సగానికి పైగా ఖాళీయే. ఏసీపీ కేసు పొట్టిది. పొట్టి కేసు గదిలోంచి త్వరగా, పూర్తిగా బయటికొస్తుంది. చిన్న బ్యారెల్ ఉన్న రివాల్వర్లలో తోపు కడ్డీ కూడా చిన్నదే, పొడుగాటి కేసులు సగం దాకా వచ్చి వేలాడుతుంటాయి. 19 మిల్లీమీటర్ల 9 ఎంఎం పిస్టల్ తూటా కేసుకు ఆ బాధ లేదు. ఆరు తూటాలనూ ఒకటిగా పట్టే ఫుల్ మూన్ క్లిప్పులు వచ్చాక, రివాల్వర్ నింపడం ఒకే ఒక్క కదలిక అయిపోయింది.

1999లో అమెరికన్ షూటర్ జెర్రీ మిక్యులెక్ .45 ఏసీపీ స్మిత్ అండ్ వెస్సన్ 625 రివాల్వర్‌తో ఆరు సార్లు కాల్చి, మళ్లీ నింపుకుని, ఇంకో ఆరు సార్లు కాల్చాడు. మొత్తం పట్టిన సమయం 2.99 సెకన్లు. పన్నెండు సార్లు పేలడం, ఖాళీలు బయటపడడం, కొత్త క్లిప్పు లోపలికి వెళ్లడం అన్నీ ఆ లెక్కలోవే. కొరత కాలపు రేకు ముక్క లేకుండా ఆ వేగం సాధ్యమయ్యేది కాదు.

అలాగని క్లిప్పుకు లోపాలు లేకపోలేదు. జేబులో పడి ఒకవైపు కాస్త వంగిందంటే సిలిండర్ తిరుగుతూ వెనక గోడకు రాసుకుంటుంది, ట్రిగ్గర్ బరువెక్కుతుంది. పేలిన కేసులను క్లిప్పులోంచి ఊడదీయడానికి వేరే పనిముట్టు కావాలి. గాడి కొలతలో కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది. ఇంకో చిక్కు తూటాలోనే ఉంది. రివాల్వర్ తూటాలో కేసు మూతిని లోపలికి గట్టిగా మడిచి గుండును బిగిస్తారు. మూతి మీదే ఆగాల్సిన పిస్టల్ తూటాకు అంత మడత పనికిరాదు. తేలికపాటి రివాల్వర్ గట్టిగా తన్నినప్పుడు, పేలని తూటాల్లోని గుండ్లు కొద్దికొద్దిగా ముందుకు జరుగుతాయి. ఒకటి సిలిండర్ ముందుకు తొంగిచూసిందంటే ఇక సిలిండర్ తిరగదు.

క్లిప్పును వదిలించుకోవాలని చూసినవాళ్లూ ఉన్నారు. రూగర్ బ్లాక్‌హాక్ లాంటి పాత పద్ధతి తుపాకుల్లో కేసులను ముందు నుంచి ఒక్కొక్కటిగా కడ్డీతో పొడిచి తీస్తారు, కాబట్టి వాటికి అంచుతో పనే లేదు. సిలిండర్ మార్చుకుంటే చాలు, ఒకే తుపాకీ .357 మ్యాగ్నమ్, 9 ఎంఎం రెండూ కాలుస్తుంది. 1980లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ 547 ఇంకా ముందుకెళ్లింది. దాని నక్షత్రంలో ప్రతి గదికీ గాడిని పట్టుకునే సన్నటి స్ప్రింగు వేళ్లు అమర్చారు. 9 ఎంఎం కేసు వెనక నుంచి ముందుకు సన్నబడుతూ ఉంటుంది కాబట్టి, పేలినప్పుడు వెనక్కి జరిగి గోడకు ఒత్తుకునేది. దాన్ని ఆపడానికి కొట్టే పిన్ను పైన ఇంకో పిన్ను పెట్టారు. అద్భుతమైన పనితనం, కానీ ఖర్చు ఎక్కువ. కొన్నేళ్లకే తయారీ ఆగిపోయింది. తర్వాత చార్టర్ ఆర్మ్స్ కంపెనీ అదే పనిని ఇంకాస్త సులువైన స్ప్రింగుతో తన పిట్‌బుల్ రివాల్వర్లలో సాధించింది.

మన దేశంలో ఈ తంటా రాలేదు. లైసెన్సు మీద దొరికే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ తూటాకు అంచు ఉంది, కేసు పొడవు 23 మిల్లీమీటర్లు. .32 పిస్టల్ తూటా వేరు, దాని కేసు 17 మిల్లీమీటర్లే. 9 ఎంఎం మామూలు పౌరులకు నిషిద్ధ బోరు. అమెరికాలో మాత్రం 9 ఎంఎం రివాల్వర్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. రూగర్ ఎల్‌సీఆర్ కొంటే పెట్టెలో తుపాకీతోపాటు గుండ్రటి క్లిప్పులు కూడా వస్తాయి, ఒక్కొక్కటీ ఐదేసి తూటాలు పట్టేవి.